బెంజ్‌కి ముందున్న పేరు

విజయవాడలో బెంజ్ సర్కిల్ ఉంది. మెర్సిడిస్ సర్కిల్ లేదు. ఊళ్ళో ఎవరైనా ఖరీదైన కారు దిగితే "బెంజి కారులో వచ్చాడు" అంటాం తప్ప ఆ పేరులోని మొదటి సగాన్ని పట్టించుకోం. పలకడానికి బెంజ్ సులువు, అంతే. కానీ రెండింటిలో కథ ఉన్నది మనం వదిలేసిన సగంలోనే. బెంజ్ అనేది కార్ల్ బెంజ్ అనే జర్మన్ ఇంజనీరు ఇంటిపేరు. దాని గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. మెర్సిడిస్ మాత్రం జర్మన్ మాట కాదు, ఇంటిపేరూ కాదు. అది స్పానిష్ ఆడపిల్ల పేరు.

ఈ సంగతి చాలామందికి తెలుసు. "ఎవరో తన కూతురి పేరు కారుకు పెట్టాడట" అని క్విజ్‌లో కూడా అడుగుతారు. అక్కడితో ఆగిపోతాం. ఇంతకీ ఆ పేరుకి అర్థం ఏమిటి? స్పానిష్ మాట్లాడేచోట అదే మాట చర్చి మీద, నది మీద, బజారు మీద, భూమి పట్టాల్లో, మునిగిపోయిన ఓడ మీద, చివరికి "మీరు" అనే సర్వనామంలో కూడా ఎందుకు కనిపిస్తుంది? విడివిడిగా చూస్తే ఒకదానికొకటి పొంతన లేనట్టే ఉంటాయి. ముడి విప్పుతూ పోతే అన్నీ ఒకే దారం.

ముందు కారు సంగతి తేల్చేద్దాం, లేకపోతే మనసు అక్కడే ఉంటుంది.

ఎమిల్ యెల్లినెక్ ఆస్ట్రియాకు చెందిన వ్యాపారి. చలికాలం ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరంలో గడిపేవాడు, అక్కడ ఆస్ట్రియా-హంగరీ కాన్సుల్‌గా కూడా పనిచేశాడు. నీస్‌కు వచ్చే కోటీశ్వరులకు డైమ్లర్ కంపెనీ కార్లు అమ్మేవాడు. 1889లో పుట్టిన కూతురికి మెర్సెదెస్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు తనకు కలిసొచ్చిందని ఆయనకు గట్టి నమ్మకం. ఇంటికీ అదే పేరు, పడవకీ అదే పేరు. 1899లో నీస్‌లో జరిగిన కారు పందేల్లో పాల్గొన్నప్పుడు తన అసలు పేరు కాకుండా "మొస్యూ మెర్సెదెస్", అంటే మెర్సెదెస్ గారు, అని నమోదు చేయించుకున్నాడు. 1900లో డైమ్లర్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుని, విల్‌హెల్మ్ మైబాహ్ రూపకల్పన చేసిన 35 హార్స్‌పవర్ కారు ఒకటి తయారు చేయించాడు. మొత్తం 36 బండ్లు, 5,50,000 గోల్డ్ మార్కుల బేరం. షరతుల్లో ముఖ్యమైనది: కారుకు కూతురి పేరు పెట్టాలి. 1901 మార్చిలో నీస్ పందేల్లో ఆ కారు మిగతా బండ్లన్నిటినీ వెనక్కి నెట్టేసింది. 1902లో ఆ పేరు ట్రేడ్‌మార్కు అయింది. 1903లో యెల్లినెక్ ఏకంగా తన ఇంటిపేరునే యెల్లినెక్-మెర్సెదెస్‌గా మార్పించుకున్నాడు. మనవాళ్ళు బిడ్డకు తాత పేరు పెడతారు. ఈయన బిడ్డ పేరు తాను పెట్టుకున్నాడు. 1926లో డైమ్లర్ కంపెనీ, బెంజ్ కంపెనీ కలిశాక వచ్చిన జంట పేరే ఇప్పటి మెర్సిడిస్-బెంజ్. ఆ అమ్మాయి 1929లో, నలభై నిండకుండానే వియన్నాలో చనిపోయింది.

ఇందులో నాకు బాగా ఆసక్తిగా అనిపించే విషయం క్విజ్‌లో ఎవరూ అడగరు. ఎమిల్ యెల్లినెక్ తండ్రి ఆడోల్ఫ్ యెల్లినెక్ వియన్నాలో పేరుమోసిన రబ్బీ, అంటే యూదు మతగురువు. మెర్సెదెస్ ఏమో పక్కా కాథలిక్ పేరు. కాథలిక్ అంటే ఏదో పునీతురాలి పేరు కూడా కాదు, సాక్షాత్తూ మరియమాత బిరుదు. రబ్బీ మనవరాలికి మేరీ మాత బిరుదు! పెట్టినవాళ్ళకు అది కేవలం చెవికింపైన స్పానిష్ పేరుగా తోచి ఉంటుంది. పేరు అర్థాన్ని ఇంటి దగ్గర వదిలేసి ఊళ్ళు తిరగడం అప్పటికే మొదలైందన్నమాట.

బహువచనంలో ఒక ఆడపిల్ల

ఈ పేరులో వింత ఏమిటంటే, అది బహువచనం. స్పానిష్‌లో మెర్సెద్ అంటే దయ, అనుగ్రహం, మేలు. మెర్సెదెస్ అంటే దయలు, మేళ్ళు. ఒక పిల్లను పట్టుకుని "అనుగ్రహాలూ, ఇలా రా" అని పిలవడం లాంటిది. స్పెయిన్‌లో ఇది వింతే కాదు. దొలోరెస్ అంటే శోకాలు, రెమెదియోస్ అంటే నివారణలు, మిలాగ్రోస్ అంటే అద్భుతాలు, నియెవెస్ అంటే మంచులు. ఇవన్నీ అమ్మమ్మల తరం స్పానిష్ ఆడవాళ్ళ మామూలు పేర్లు.

ఎలా వచ్చాయంటే, అసలు పేరు అందరికీ ఒకటే: మరియా. ఊరంతా మరియాలే అయినప్పుడు ఏ మరియా అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు మరియమాతకున్న బిరుదుల్లో ఒకటి తగిలిస్తారు. మరియా దె లోస్ దొలోరెస్, శోకాల మరియమ్మ. మరియా దె లాస్ మెర్సెదెస్, అనుగ్రహాల మరియమ్మ. నోటి వాడుకలో మరియా రాలిపోతుంది, బిరుదు మిగులుతుంది. కాగితాల మీద మాత్రం పూర్తి పేరు ఉంటుంది.

తెలుగు కాథలిక్ కుటుంబాల్లో పెరిగినవాళ్ళకు ఈ పద్ధతి విడమర్చి చెప్పక్కర్లేదు. దొలోరెస్ అంటే మన వ్యాకుల మాత. సొకోర్రో అనే స్పానిష్ పేరు మన నిత్య సహాయ మాత నుంచి. లూర్దు మేరీ, లూర్దమ్మ అనే పేర్లు మన దగ్గరా ఉన్నాయి, లూర్దెస్ అని స్పెయిన్‌లోనూ ఉంది. గుణదల కొండ మీద ఉన్నదీ ఆ లూర్దు మాతే. కాథలిక్కుల దాకా పోనక్కర్లేదు కూడా. ఉత్తరాంధ్రలో సింహాచలం అనే మనిషి ఉంటాడు, అన్నవరం ఉంటాడు, తెలంగాణలో యాదగిరి ఉంటాడు. కొండ పేరు, దేవుడి పేరు, మనిషి పేరు ఒకటైపోతాయి. సింహాచలం అంటే ఆడో మగో పేరునుబట్టి చెప్పలేం. స్పానిష్‌లో గ్వాదలూపే కూడా అంతే, ఇద్దరికీ పెడతారు. పిలార్, మొంత్‌సెర్రాత్ అనేవి కూడా ఇలా గుళ్ళ నుంచీ కొండల నుంచీ మనుషుల మీదికి దిగిన పేర్లే. కాబట్టి మెర్సెదెస్‌ని స్పానిష్‌వాళ్ళ వింతగా చూడటం కన్నా, మన సింహాచలానికి దూరపు చుట్టంగా చూస్తే తొందరగా అర్థమవుతుంది.

పలుకుబడి గురించి ఒక్క ముక్క. స్పెయిన్‌లో చాలాచోట్ల మధ్య అక్షరం "థ" లాగా నాలుక కొసన పలుకుతారు, మెర్థెదెస్ అని వినిపిస్తుంది. అమెరికా ఖండాల్లో మెర్సెదెస్. ముద్దుపేర్లు దేశానికొకటి: స్పెయిన్‌లో మెర్చె, మెక్సికోలో మెచె, అర్జెంటీనాలో మెచా. సుబ్బలక్ష్మి సుబ్బులు అయినట్టే.

ఏ అనుగ్రహాలు?

సరే, అనుగ్రహాల మాత అన్నారు. ఏ అనుగ్రహాలు? ఇక్కడే అసలు కథ ఉంది.

మెర్సెద్ లాటిన్‌లోని మెర్సెస్ నుంచి వచ్చింది. లాటిన్‌లో దానికి దయ అన్న అర్థం లేదు. కూలి, జీతం, చేసిన పనికిచ్చే ప్రతిఫలం, అంతే. దానికి తోబుట్టువు లాంటి మాట మెర్క్స్, అంటే సరుకు. సరుకు నుంచి స్పానిష్ మెర్కాదో వచ్చింది, ఇంగ్లీషు మార్కెట్ వచ్చింది. కూలి నుంచి డబ్బుకు యుద్ధం చేసే కిరాయి సైనికుడిని చెప్పే మెర్సెనరీ వచ్చింది. పూర్తిగా బజారు మాటలు. క్రైస్తవ లాటిన్‌లో మెల్లగా మలుపు తిరిగింది. మంచి చేసినవాడికి పరలోకంలో దక్కే కూలి అన్నారు. ఆ కూలి మన అర్హతను బట్టి కాదు, ఇచ్చేవాడి దయను బట్టి అన్నారు. కూలి బహుమానమైంది, బహుమానం దయ అయింది. ఫ్రెంచివాళ్ళు కృతజ్ఞత చెప్పే మెర్సీ, ఇంగ్లీషు మెర్సీ ఈ దారినే వచ్చాయి. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో మెర్సీ అనే ఆడపిల్లలు ఎంతమందో ఉన్నారు. పక్కింటి మెర్సీ, ఆ ఇంటి ముందు ఆగిన మెర్సిడిస్, రెండూ ఒకే లాటిన్ కూలి మాటకు మునిమనవరాళ్ళు.

ఈ రెండు కొసలు, డబ్బు ఒక వైపు, దయ ఇంకో వైపు, సరిగ్గా ఒకచోట కలిశాయి. అది 1218లో బార్సిలోనా.

అప్పట్లో మధ్యధరా సముద్రంలో ఇటు క్రైస్తవులు, అటు ముస్లింలు, ఇద్దరూ అవతలి వైపు మనుషులను పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవాళ్ళు. డబ్బున్న కుటుంబం డబ్బు కట్టి విడిపించుకునేది. లేనివాడు అక్కడే పోయేవాడు. పెరె నొలాస్క్ అనే ఆయన ఆ ఏడాది ఆగస్టు 10న బార్సిలోనాలో ఒక సన్యాసి సంఘం మొదలుపెట్టాడు. పని ఒక్కటే, చందాలు పోగుచేసి బందీలను కొని విడిపించడం. మామూలు సన్యాసులు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు ప్రమాణాలు చేస్తారు. వీళ్ళకు నాలుగోది ఉంది. డబ్బు చాలకపోతే, బందీ తన విశ్వాసం వదులుకునే ప్రమాదంలో ఉంటే, అతని బదులు తాను బందీగా కూర్చోవాలి. ఉత్త కాగితం మీది ప్రమాణం కాదు, అలా కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

ఆ రోజుల స్పెయిన్‌లో మెర్సెద్ అంటే దానధర్మం, అందులోనూ బందీల విడుదల అనే ప్రత్యేకమైన అర్థం ఉండేది. అందుకే ఆ సంఘానికి మెర్సెద్ సంఘం అని, వాళ్ళ మాతకు మెర్సెద్ మాత అని పేర్లు వచ్చాయి. మెర్సెదెస్‌లోని "అనుగ్రహాలు" గాల్లో తేలే కరుణ కాదు. లెక్క కట్టి, సంచిలో నాణేలు పోసి, సముద్రం దాటి వెళ్ళి చెల్లించిన ధర. ఒక మనిషి ధర.

దోన్ కిహోతే (ఇంగ్లీషులో డాన్ క్విక్సోట్) అనే స్పానిష్ నవల రాసిన సెర్వాంతెస్ కూడా ఇలాంటి బందీయే. 1575లో పట్టుబడి అల్జీర్స్‌లో ఐదేళ్ళు ఉన్నాడు. 1580లో ఆయనను 500 ఎస్కూదో నాణేలకు విడిపించారు. విడిపించింది మాత్రం మెర్సెద్ సంఘం కాదు, అదే పని చేసే త్రిత్వ సంఘం. ఒకే పనికి రెండు సంఘాలు అవసరమయ్యాయంటే బందీలు ఎంతమంది ఉండేవారో ఊహించుకోవచ్చు. స్పెయిన్‌లో జైళ్ళ శాఖకు ఇప్పటికీ పాలక పునీతురాలు మెర్సెద్ మాతే. ఆమె పండుగ సెప్టెంబరు 24.

రాజుగారి చేతి చలవ

దయకు ఇంకో ముఖం ఉంది. బందీకి దొరికే దయ ఒకటి, రాజుకు దగ్గరివాడికి దొరికే దయ ఇంకొకటి.

14వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కాస్తీయ రాజ్యాన్ని ఏలిన రెండవ ఎన్రీకేకి "మెర్సెదెస్ ఎన్రీకే" అని మారుపేరు. భక్తి వల్ల వచ్చింది కాదు. 1369లో మొంతియెల్ దగ్గర సవతి తమ్ముడు పేద్రోను తన చేతులతో చంపి రాజయ్యాడు. సాయపడిన సర్దారులకు, కిరాయి సేనానులకు ఊళ్ళకు ఊళ్ళు, బిరుదులు పంచిపెట్టాల్సి వచ్చింది. ఆ పంపకాలనే మెర్సెదెస్ అన్నారు. మన భాషలో చెప్పాలంటే ఇనాములు. "ఇనాముల ఎన్రీకే" అనుకోండి, ఆ మారుపేరులో ఎంత మెచ్చుకోలు ఉందో, ఎంత దెప్పిపొడుపు ఉందో రెండూ తెలుస్తాయి.

ఈ అర్థమే సముద్రం దాటి అమెరికాకు పోయింది. మెక్సికోలో, దాని ఉత్తరాన ఇప్పటి న్యూమెక్సికోలో రాజు పేరు మీద ఇచ్చిన భూదానాలను మెర్సెద్ అంటారు. ఒక మనిషికిచ్చినవి ఉన్నాయి, ఊరుమ్మడిగా ఇచ్చినవీ ఉన్నాయి. ఇల్లు, చేను ఎవరిది వాళ్ళదే, అడవి, పచ్చిక బయలు మాత్రం అందరివీ. 1848లో యుద్ధం ఓడి మెక్సికో ఆ ప్రాంతాన్ని అమెరికాకు అప్పగించింది. పాత హక్కులు గౌరవిస్తామని ఒప్పందంలో మాట అయితే ఇచ్చారు. ఆచరణలో లాయర్లు, సర్వేలు, కోర్టుల మధ్య ఉమ్మడి భూములు చాలా మటుకు చేజారాయి. ఇనాం భూముల తగాదాలు చూసినవాళ్ళకు ఈ కథ ఎలా నడిచి ఉంటుందో వేరే చెప్పాలా? 1960లలో రేయెస్ లోపెస్ తిహెరీనా అనే నాయకుడు ఆ భూముల కోసం పోరాడిన సంస్థ పేరు "అలియాన్సా ఫెదెరాల్ దె మెర్సెదెస్". 1967 జూన్‌లో ఆయన మనుషులు తియెర్రా అమరియా అనే ఊళ్ళో కోర్టు భవనం మీద తుపాకులతో దాడి చేశారు. ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు నాకు బెంజ్ కారు ఓనర్ల సంఘం అనిపించిన మాట నిజం. ఆ మెర్సెదెస్‌లో కారు లేదు, కన్నెమరియ లేదు, భూమి పట్టా ఉంది.

"మీరు"లో దాక్కున్న దయ

నాకన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. స్పానిష్ మొదటి పాఠంలోనే రెండు మాటలు నేర్పుతారు: తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. ఉస్తెద్‌కి క్రియ మాత్రం "మీరు" క్రియ రాదు, "అతడు" లేదా "ఆమె" క్రియ వస్తుంది. ఎందుకని అడిగితే చాలా పాఠ్యపుస్తకాలు "అదంతే" అంటాయి.

ఉస్తెద్ ఒకప్పుడు వుయెస్త్రా మెర్సెద్. అంటే "మీ దయ", లేదా "మీ అనుగ్రహం". పెద్దవాళ్ళను సూటిగా నువ్వు, మీరు అనకుండా, వాళ్ళ గుణాన్ని పలకరించేవాళ్ళు. మొదట్లో రాజులకే చెల్లిన గౌరవం. రాజులు ఇంకా పెద్ద బిరుదులకు పోయాక అది సర్దారులకు దిగింది, ఆపైన కాస్త ఉన్నవాళ్ళకు, చివరికి ఎవరికైనా. నోళ్ళలో నలిగి వుయెసా మెర్సెద్, వుసర్సెద్, వుస్తెద్ అవుతూ 17వ శతాబ్దానికి ఉస్తెద్ అయి కూర్చుంది. దోన్ కిహోతేలో సాంచో తన యజమానిని పిలిచేది వుయెస్త్రా మెర్సెద్ అనే. మీ దయ ఒక మూడో మనిషి కదా, అందుకే క్రియ మూడో మనిషిది. "ఉస్తెద్ కాఫీ తాగుతుందా?" అంటే లెక్కప్రకారం "మీ దయ కాఫీ తాగుతుందా?" అని.

తెలుగులో మనం చేసింది ఇదే పని. "తమరు" అనేది "తాము" ఇంటి మాట, ఎదుటి మనిషిని కాకుండా "తనను" చెప్పే మాట. దాన్ని ఎదుటి మనిషికి వాడాం. "ఏలినవారు సెలవిస్తే", "అయ్యగారు ఏమంటారో" అని ఎదురుగా నిలబడే అంటాం. కాకపోతే తెలుగులో మీరు వచ్చారు, వారు వచ్చారు అనే రెండు చోట్లా క్రియ ఒకటే కాబట్టి ఆ అతుకు కనపడదు. స్పానిష్‌లో కనపడుతుంది.

అసలు దయ అన్న మాట తెలుగులో ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి లెక్కపెట్టుకోండి. అతిథిని "దయచేయండి" అంటే లోపలికి రమ్మని. చిరాకొచ్చి "ఇక దయచేయండి" అంటే బయటికి పొమ్మని. దేవుడు వరం దయచేశాడంటే ఇచ్చాడని. "దయచేసి" అంటే ప్లీజ్. "మీ దయవల్ల బాగున్నాం" అంటే కృతజ్ఞత. "వాడి దయాదాక్షిణ్యాల మీద ఉన్నాం" అంటే నిస్సహాయత. స్పానిష్‌లో "మెర్సెద్ ఆ" అంటే ఫలానాదాని దయవల్ల, "ఆ మెర్సెద్ దె" అంటే ఫలానావాడి దయాదాక్షిణ్యాల మీద. గుమ్మంలో నుంచుని కారమూ తీపీ రెండూ ఒకే మాటతో చెప్పగల సౌకర్యం మాత్రం మనకే ఉంది.

పోర్చుగీసులో ఇదే వొస్సా మెర్సె అరిగి వొసె అయింది. బ్రెజిల్‌లో ఎక్కువ ప్రాంతాల్లో అదిప్పుడు స్నేహితులను పిలిచే మామూలు "నువ్వు". రాజుగారి దయ అంత కిందికి దిగింది. కొలంబియా కొండప్రాంతం బొయాకాలో ఇంకో దారి పట్టింది. అక్కడ "సు మెర్సెద్" అన్నది "సుమెర్సె" అయింది. బజారులో కూరగాయలమ్మే ఆవిడ కొనేవాళ్ళను సుమెర్సె అంటుంది, తల్లి బిడ్డను సుమెర్సె అంటుంది. ఒకప్పుడు దొరల ముందు తల వంచి అన్న మాట, ఇప్పుడు చెంప నిమురుతూ అనే మాట.

సెప్టెంబరు 24

మెర్సెద్ సంఘం సన్యాసులు తొలిరోజుల్లోనే అమెరికా చేరి మఠాలు కట్టారు. కీతో, కుస్కో, లిమా, గ్వాటెమాలా, ఏ పాత స్పానిష్ ఊళ్ళో చూసినా "లా మెర్సెద్" అనే చర్చి ఒకటి ఉంటుంది. వాళ్ళ మాత కూడా చేరినచోటల్లా కొత్త ఉద్యోగాల్లో కుదురుకుంది.

అర్జెంటీనాలో ఆమె సేనాని. స్వాతంత్ర్య యుద్ధంలో, 1812 సెప్టెంబరు 24న తుకుమాన్ నగరం దగ్గర మాన్యుయెల్ బెల్‌గ్రానో తనకంటే పెద్దదైన స్పెయిన్ పక్షం సైన్యాన్ని ఓడించాడు. ఆ రోజు మాత పండుగ కాబట్టి గెలుపు ఆమెదే అన్నాడు. తరువాతి ఊరేగింపులో తన అధికార దండాన్ని విగ్రహం చేతిలో పెట్టి ఆమెను సైన్యానికి జనరల్‌గా ప్రకటించాడు. స్పెయిన్ నుంచి వచ్చిన మాత స్పెయిన్ మీదే యుద్ధానికి జనరల్! జానపద గాయని మెర్సెదెస్ సోసా పుట్టింది కూడా తుకుమాన్‌లోనే, 1935లో. క్యూబాలో కథ ఇంకోలా ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చిన యొరూబా జాతివాళ్ళు తమ తెల్లబట్టల దేవత ఒబతలాను ఈ మాతలోనే చూసుకున్నారు. బందీలను విడిపించే మాతను బందీలే తమ దేవతగా చేసుకున్నారు. సెప్టెంబరు 24న తెల్లబట్టలు వేసుకుంటారు. ఇక బార్సిలోనాలో ఆమె నగర దేవత. పండుగ పేరు కాతలాన్ భాషలో లా మెర్సె. మనుషుల మీద మనుషులు నిలబడే గోపురాలు, నిప్పులు చిమ్మే దయ్యాల పరుగు, ఊరంతా బయటే ఉంటుంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ పేరు కూడా మెర్సె, ఏకవచనమే.

కాలిఫోర్నియాలో 1806లో గాబ్రియెల్ మొరాగా అనే సైనికాధికారి ఒక నదికి మెర్సెద్ మాత పేరు పెట్టాడు. యోసెమిటీ లోయలోంచి పారే నది అదే. అమెరికా వెళ్ళి యోసెమిటీలో సెల్ఫీ దిగిన మనవాళ్ళ వెనకాల చాలాసార్లు కనిపించేది మెర్సెద్ నదే, వాళ్ళు మర్సెడ్ అంటారు. దాని కింద ఊరు, ఊళ్ళో యూనివర్సిటీ, అన్నిటికీ అదే పేరు.

ఓడ సంగతి మాత్రం విషాదం. 1804 అక్టోబరు 5న, రెండు దేశాల మధ్య యుద్ధం ప్రకటించకుండానే, పోర్చుగల్ దగ్గరలో ఇంగ్లీషు నౌకలు స్పెయిన్ ఓడలను అడ్డగించాయి. "నుయెస్త్రా సెన్యోరా దె లాస్ మెర్సెదెస్" పేలిపోయి మునిగింది. ఇంకో ఓడలో ఉన్న దియెగో దె ఆల్వెయార్ అనే అధికారి, తన భార్యాబిడ్డలు ఉన్న ఓడ అలా మునగడం కళ్ళారా చూశాడు. 2007లో ఒక అమెరికన్ కంపెనీ సముద్రం అడుగు నుంచి దాదాపు 17 టన్నుల నాణేలు తీసి ఫ్లోరిడాకు తరలించింది. కోర్టుల్లో ఐదేళ్ళు నడిచాక, 2012లో అవన్నీ స్పెయిన్‌కు తిరిగిచ్చేయమని తీర్పు అమలైంది.

మాడ్రిడ్‌లో ఈ పేరు చెబితే పాతతరం వాళ్ళకు కారు కాదు, రాణి గుర్తొస్తుంది. మరియా దె లాస్ మెర్సెదెస్, స్పెయిన్ రాజు పన్నెండవ అల్ఫోన్సోకు పినతల్లి కూతురు. ప్రేమించి చేసుకున్నాడు, 1878 జనవరిలో. జూన్ 24న ఆమెకు 18 ఏళ్ళు నిండాయి, 26న చనిపోయింది. "ఎక్కడికి పోతున్నావు అల్ఫోన్సో" అంటూ పిల్లలు చేతులు పట్టుకుని తిరుగుతూ పాడే పాట ఆ చావు మీదే. రాజు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. రెండో భార్యకు పుట్టిన మొదటి కూతురికి పెట్టిన పేరు మరియా దె లాస్ మెర్సెదెస్.

వాక్యంలో ఎలా గుర్తుపట్టాలి?

ఇన్ని అర్థాలతో స్పానిష్‌వాళ్ళు తికమక పడరా అంటే, పడరు. మాటకు ముందుండే చిన్న ముక్క చూసుకుంటారు. "ఎల్ మెర్సెదెస్" అంటే కారు, ఎందుకంటే వాళ్ళ వ్యాకరణంలో కారు మగది. ఆడపిల్ల పేరు పెట్టుకున్నా సరే మగదే. పల్లెల్లో, మాటల్లో "లా మెర్సెదెస్" అంటే ఆ అమ్మాయి. "లాస్ మెర్సెదెస్" అంటే మాత గానీ, ఆమె పేరున్న పేట గానీ. చిన్న అక్షరంతో "మెర్సెదెస్" అని చరిత్ర పుస్తకంలో కనిపిస్తే ఇనాములు. "లా మెర్సెద్" అంటే చర్చి, లేదా చర్చి పేరు మోసే చోటు.

అలాంటి చోట్లలో ఒకటి మెక్సికో నగరంలో ఉంది. ఒకప్పుడు మెర్సెద్ సన్యాసుల మఠం, ఇప్పుడు చుట్టూ మహా బజారు. మిరపకాయలు, నోపాల్ అనే జెముడు ఆకులు, చెరకు గడలు, మనుషులు తోసుకుంటూ నడిచే సందులు. బజారుకు లా మెర్సెద్ అని పేరొచ్చింది మఠం వల్లే. కానీ మెర్కాదో, మెర్సెద్ రెండూ లాటిన్‌లో తోబుట్టువులు కాబట్టి, వందల ఏళ్ళు విడిపోయిన చుట్టాలు అక్కడ ఒకే బోర్డు మీద కలిశారు. ఆ బజారు దగ్గర మెర్సెదెస్ గారెవరైనా కారు దిగితే ఎవరైనా ఇలా అనొచ్చు: "ఉస్తెద్, మెర్సెదెస్, వీనో ఎన్ ఎల్ మెర్సెదెస్ ఆల్ మెర్కాదో దె లా మెర్సెద్."

తెలుగులో అయితే, "మెర్సెదెస్ గారూ, తమరు బెంజి కారులో మెర్సెద్ బజారుకు దయచేశారు."